పెయింటు గీకానా?

ఫోను మోగినప్పుడు నేను ఏంబలంలో మా ఇంటి ముందు బండి కడుగుతున్నాను. తెల్లవారితే ఆయుధపూజ. మా వైపు ఆ రోజు మోటారుసైకిలుకు జరిగే మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరగదు. తలంటు, పసుపు, కుంకుమ, మెడలో దండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఏడాది పొడుగునా తన్ని లేపే బండిని ఆ ఒక్కరోజు దండం పెట్టి లేపుతాము.

ఫోనులో కంటి ఆసుపత్రి మేనేజరు. పాండిచ్చేరి ఊళ్ళో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల, ఒక పాత మేడలో నడిచే చిన్న ఆసుపత్రి అది. రెండు వారాల కిందట అక్కడ మేము నెట్‌వర్క్ రాక్ బిగించి వచ్చాము. రాక్ అంటే ఇనుప బీరువా అనుకోండి. బట్టలుండే చోట ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నిటినీ కలిపే పరికరాలుంటాయి, అడుగు అరలో యూపీఎస్ ఉంటుంది. బీరువాకూ దీనికీ పెద్ద తేడా ఒక్కటే. బీరువా మనిషిని చంపదు.

"తంబీ," అన్నాడు ఆయన తమిళంలో, భోజనమైందా అని అడిగేంత తీరుబడిగా. "మీ పెట్టె కరుస్తోందంట."

"కరవడమేంటి సార్?"

"ఆయా చెబుతోంది. తడిగుడ్డతో తుడుస్తుంటే చెయ్యి జివ్వుమందంట. చీమలు పాకినట్టుందంట. పాతకాలం మనిషి, మిక్సీని చూసినా భయపడుతుంది. ఊరికే నీ చెవిన వేద్దామని చేశాను."

పైపులో నీళ్ళు నా పాదాల మీద పడుతూనే ఉన్నాయి.

"సార్, ఆమెను దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు. ఆ గదికి తాళం వేసేయండి."

"తాళం ఆయా దగ్గరే ఉంటుంది."

"ఆయా ఎక్కడుంది?"

"ఆ గదిలోనే. పూజకు శుభ్రం చేస్తోంది కదా."

అవతల ఎవరో ఆయన్ను పిలిచారు. "వస్తున్నానమ్మా, మీ టోకెన్ ఎంత?" అన్నాడు, నాతో కాదు. ఫోను పెట్టేశాడు. తిరిగి చేశాను. నాలుగుసార్లు చేశాను. మోగి మోగి ఆగింది. పండగ ముందు రోజు కంటి ఆసుపత్రి మేనేజరు ఫోను ఎత్తలేదంటే అందులో విశేషమేమీ లేదు. ఆ సంగతి నా బుర్రకు తెలుసు. గుండెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ చీమల గురించి కొంచెం చెప్పాలి. కరెంటుతో నడిచే ఇలాంటి పెట్టెల్లో రవ్వంత కరెంటు ఇనుము మీదికి కారుతుంది. అది వాటి తప్పు కాదు, స్వభావం. కారినదాన్ని పట్టుకుని నేలలోకి పంపడానికి ఒక పచ్చ తీగ కడతాము. అదే ఎర్త్. తీగ సరిగ్గా ఉన్నన్నాళ్ళు ఎవరికీ ఏమీ తెలియదు, తీగ కట్టినవాడిని ఎవరూ మెచ్చుకోరు. తీగ తెగితే ఆ కారింది ఇనుము మీదే కూర్చుని, చెప్పుల్లేని కాళ్ళతో ఎవరైనా వస్తారా అని చూస్తుంది. వస్తే చీమలు. అంతవరకు పరవాలేదు. కానీ లోపల ఎక్కడో ఒక వైరు తోలు ఊడి ఇనుముకు తగిలిందంటే అప్పుడు వచ్చేవి చీమలు కావు. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఇక విడవదు.

ఆ రాక్‌కు పచ్చ తీగ కట్టింది నేను. ఒక్కణ్ణే కట్టడం నాకు అదే మొదటిసారి.

మామకు ఫోను చేశాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఇద్దరం కలిసే పనికి పోతాము, కరెంటు ఆయనది, నెట్‌వర్కు నాది. ఫోను స్విచాఫ్. అది పెరటాసి, తమిళులకు వెంకన్న నెల, మామ తిరుపతి కొండకు పోయి ఉన్నాడు. ఆయన క్యూలో ఉన్నాడు, ఆయన ఫోను డిపాజిట్ కౌంటర్లో ఉంది. ఆ ఉదయం మామ కోసం నాకూ ఏడుకొండలవాడికీ పోటీ పడింది. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

సాక్సులూ బూట్లూ తొడుక్కుని, పనిముట్ల సంచీ తగిలించుకుని, సబ్బు నురగ ఇంకా కారుతుండగానే బండెక్కాను.

ఏంబలం నుంచి పాండిచ్చేరి ఊళ్ళోకి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా ఒకే ప్రశ్న. అది చెప్పాలంటే రాక్ పెట్టిన రోజు గురించి చెప్పాలి. దానికి ముందు ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి: నాకు కరెంటంటే భయం. మామ వెనక పెరిగినవాణ్ణి, కరెంటు పనే నేర్చుకోవాల్సింది. నెట్‌వర్క్ తీగల్లో పారేది సాధుజంతువు, పట్టుకున్నా ఏమీ అనదు. సమాచారం ఎవరినీ చంపదు కదా అని ఇందులోకి వచ్చాను. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో చేరకముందు అనుకున్న మాట అది.

ఆ మేడ గోడలు మూరెడు మందం. ప్లగ్గులకు మూడు కన్నాలూ ఉన్నాయి. మామ ఒకదాన్ని విప్పి చూస్తే మూడో కన్నం వెనక తీగే లేదు.

"మూడో కన్ను ఉండాది, చూపు లేదు," అన్నాడు. "కంటాసుపత్రిలోనే ఇట్లుంటే ఇంక యాడికి పొయ్యేది."

అందుకని పెరట్లో గుంత తవ్వి, రాగి కడ్డీ దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోశాము. సముద్రం పక్కన పెట్టుకుని ఉప్పు కొనుక్కొచ్చింది మనమే మామా అన్నాను బస్తా మోస్తూ. ఆయన నవ్వలేదు. ఎర్త్ గుంత దగ్గర ఆయన నవ్వడు. గుంత నుంచి ఒక లావు పచ్చ తీగను మెట్ల కింది గదిలోకి తెచ్చి, గోడకు బిగించిన జానెడు రాగిపట్టీకి కట్టాము. ఆ పట్టీ నుంచి మళ్ళీ మూడు సన్నతీగలు రాక్‌కూ, యూపీఎస్‌కూ, ప్లగ్గుల పెట్టెకూ పోవాలి. అవి కట్టడమే మిగిలింది.

మామా నేనూ మాట్లాడుకునేది తెలుగు. ఊళ్ళో అది మాకొక సౌకర్యం, కస్టమరు ఎదురుగానే కస్టమరు గురించి చెప్పుకోవచ్చు. ఆ రోజు మేనేజరు బట్టతల మీద నేనొక మాట అన్నాను. వెనక నేల తుడుస్తున్న ఆయా తలెత్తకుండానే, "ఆయన పెండ్లినాడు కూడా అట్లనే ఉండె నాయనా," అంది. కాలాపేట అవతల నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. వాళ్ళింట్లోనూ మా తెలుగే. ఆ క్షణం నుంచి ఆసుపత్రికంతా ఆయా అయిన ఆమె నాకు పెద్దమ్మ అయింది.

మధ్యాహ్నం మూడింటికి మామ చేతులు కడుక్కున్నాడు. "ఆ మూడూ నువ్వే కట్టు," అన్నాడు.

"నేనా?"

"లేదు, మేనేజరు. ఎన్నాళ్ళు నా ఎనక నిలబడి టార్చి పట్టుకుంటావు? పెయింటు గీకేది మాత్రం మర్చిపోవద్దు. గీకకండా బిగించేది తాళి కట్టకండా అక్షింతలు ఏయించుకున్నట్టు. పెండ్లయినట్టే కనపడతాది, కాలేదు."

రాక్ ఇనుము మీద ఫ్యాక్టరీలో కాల్చి పూసిన పెయింటుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, కరెంటును మాత్రం దాటనివ్వదు. తీగ చివర ఉండే రాగి ఉంగరాన్ని ఆ పెయింటు మీదే పెట్టి బోల్టు బిగిస్తే ఉంగరం ఇనుమును తాకదు. అందుకని ఆకురాయితో గీకి, కింద తెల్ల ఇనుము కనబడ్డాక, పళ్ళున్న వాషరు వేసి బిగించాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

గీకానా?

ఆకురాయి పట్టుకుని రాక్ పక్కన గొంతుక్కూర్చోవడం గుర్తుంది. పెద్దమ్మ టీ తేవడం గుర్తుంది, చక్కెర ఎక్కువైంది. పెండ్లయిందా నాయనా అని అడిగింది. నాకు ధైర్యం లేదు, అవతలివాళ్ళకు ఆ ఆలోచనే లేదు అన్నాను. ఆమె నవ్వింది. నా జోకుకు నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత గుర్తున్నది స్పానరు చేతిలో ఉండటం, బోల్టు బిగుసుకుంటూ ఉండటం. టీ గ్లాసుకూ స్పానరుకూ మధ్య ఏమీ లేదు. సినిమాలో కరెంటు పోయినట్టు అక్కడ నల్లగా ఉంది.

మీటరు పెట్టి చూడటం గుర్తుంది. అది కూసింది, తగులుతోందని. కానీ బోల్టు మర లోపలెక్కడో ఒక్కచోట ఇనుముకు తగిలినా మీటరు కూస్తుంది, దాని కూత నమ్మవద్దని కూడా మామ ఎప్పుడో చెప్పాడు. మామ చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. నేను చేసిందే గుర్తులేదు.

అరియాంకుప్పం వంతెన మీద బండ్లు ఆగిపోయాయి. నా ముందు బూడిద గుమ్మడికాయల లారీ, పక్కన అరటి పిలకలు కట్టుకున్న ఆటో. మళ్ళీ ఫోను చేశాను. మోగి ఆగింది. అప్పుడు కళ్ళ ముందు కనబడటం మొదలైంది: తడి నేల, బోర్లా పడ్డ బకెట్టు, గుడ్డ పట్టుకునే ఉన్న చెయ్యి. కనబడనివ్వకూడదని గుమ్మడికాయలు లెక్కపెట్టాను. నలభై దాకా లెక్కపెట్టాక, ఇంతసేపట్లో ఆమె ఎన్నిసార్లు తుడిచి ఉంటుందో అని బుర్ర దానంతటదే లెక్క మార్చుకుంది.

నాకొక జబ్బుంది. భయం ముదిరేకొద్దీ జోకులు వస్తాయి. తాతయ్య చావు దగ్గర కూడా వచ్చాయి, ఇప్పటికీ ఇద్దరు అత్తలు మాట్లాడరు. ఆ వంతెన మీద ఒక్కటి కూడా రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆసుపత్రి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల బెంచీల మీద, చుక్కలు వేయించుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వరసగా కూర్చున్నారు. నురగ ఎండి తెల్లబడిన ప్యాంటుతో ఒకడు పరిగెత్తుకు రావడం వాళ్ళెవరూ చూడలేదు. కౌంటరు దగ్గర మేనేజరు తలెత్తి, "అంత దూరం నుంచి ఎందుకు వచ్చావు, నేనేదో ఊరికే..." అంటుండగానే ఆయన్ను దాటిపోయాను.

మెట్ల కింది గది తలుపు తీసి ఉంది. గుమ్మం బయట ఆమె చెప్పులు, పక్కపక్కన సర్ది. నేల తడి. లోపల బకెట్టు. రాక్ తలుపుకు తడిగుడ్డ వేలాడుతోంది, దాని కొస నుంచి ఒక్కో చుక్కా పడుతోంది. మనిషి లేదు.

"పెద్దమ్మా," అన్నాను. నాకే వినబడలేదు.

గుమ్మం నుంచి చూస్తే రాక్ వెనక సందు కనబడదు. మనిషి పట్టేంత సందు. అక్కడికి వెళ్ళి చూడాలి. ఎన్నో చుక్కలు పడ్డాయి. నేను చూడనంతసేపూ ఆమె బతికే ఉంటుందని ఎక్కడో ఒక పిచ్చి లెక్క. చివరికి వెళ్ళి, దేన్నీ తాకకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి చూశాను.

చీపురుంది.

"యాడ చూస్తాండావు నాయనా?"

ఆమె పెరటి తలుపులో నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పిడికిట్లో చింతపండు పిప్పి పట్టుకుని. గోడకు ఆనుకున్నాను. రాక్‌కు కాదు, గోడకే. అంతలోనూ ఆ మాత్రం తెలివి మిగిలింది.

"బాగుండావా పెద్దమ్మా?"

"నాకేం. చెయ్యి రవ్వంత జివ్వుమనింది, అంతే. నువ్వే బాగలేవు, దయ్యం పట్టినోని మాదిరి ఉండావు. కూచో. నీళ్ళు తెస్తా ఉండు."

"వద్దు. ఈ గదిలోకి ఇంక నీళ్ళే వద్దు."

అప్పుడు గోడ చూశాను. రాగిపట్టీ మెరిసిపోతోంది. కొన్న రోజున కూడా అది అంత మెరవలేదు. దానికి కట్టి ఉండాల్సిన పచ్చ తీగలు నాలుగూ, గుంత నుంచి వచ్చిన లావు తీగతో సహా, ఊడి ఉన్నాయి. వాటిని పూలు కట్టే నారతో ముచ్చటగా ఒక కట్ట కట్టి మేకుకు తగిలించారు. కింద టిఫిన్ డబ్బా మూతలో బోల్టులు, నట్లు, వాషర్లు, వేటి వరసలో అవి.

"ఎవరు విప్పినారు?"

"నేనే. పొయ్యి మీద కాగు మాదిరి నల్లంగా ఉండింది. రాగి సామానును అట్లా పెట్టుకోని రేపు పూజ ఎట్ల చేసేది? చింతపండూ ఉప్పూ ఏసి తోమినా."

"తీగలు ఎందుకు తీసినావు?"

"తియ్యకండా తోమితే సందుల్లో ఎట్ల పోతాది?"

"బోల్టులు ఎట్లా వచ్చినాయి నీకు?"

"జనరేటరు కాడ స్పానరు ఉండాది. మా ఆయనది సైకిలు షాపు. ముప్పై ఏండ్లు ఆయనకు నట్లు ఇప్పి ఇచ్చింది ఎవురనుకున్నావు? ఆరినాక మళ్ళీ బిగిద్దామని పెట్టినా. అంతలోపల పెట్టె తుడుద్దామనుకుంటే అది జివ్వుమనింది."

"తీయకూడదని పైన కాగితం అంటించాను గదా."

"అదా? జిడ్డుగా ఉండింది, కడిగేసినా. ఏ బాసలో రాసినావు?"

"ఇంగ్లీషులో."

ఆ గదిలోకి రోజూ వచ్చే మనిషి ఒక్కతే, ఆమె తమిళం తప్ప చదవదు. ఇంగ్లీషు దొర ఎవరైనా చింతపండు పట్టుకుని వస్తాడేమోనని నేను ముందుజాగ్రత్త తీసుకున్నాను.

మీటరు తీసి ఒక కొస గుంత తీగకు, ఇంకో కొస రాక్ ఇనుముకు ఆనించాను. వందకు రెండు వోల్టులు తక్కువ చూపించింది. ఆ అంకెను చూస్తూ ఆమె చేతి వంక చూశాను. చింతపండుకు వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి.

మేనేజరు వచ్చాడు. గోడ చూశాడు, మూత చూశాడు, ఆమెను చూశాడు. "నీకెందుకు ఈ పనులన్నీ? చెప్పింది తుడవడం కదా?" అని తమిళంలో మొదలుపెట్టాడు. ఆమె తల వంచుకుంది. నేను మధ్యలో దూరి, ముందు దీన్ని ఆపాలి సార్ అన్నాను.

"ఆపితే టోకెన్లు?"

"చేత్తో రాయండి."

గోడ మీద స్విచ్ ఆపాను. యూపీఎస్ వెంటనే కీచుకీచుమని అరిచింది. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడవడమే కదా దాని ఉద్యోగం. అంటే రాక్ ఇంకా బతికే ఉంది. పూర్తిగా చంపాలంటే యూపీఎస్ మీదున్న బొత్తాం నొక్కాలి. బొత్తాం అడుగు అరలో, ఇనుముకు వేలెడు దూరంలో ఉంది. నా వేలు అటు పోనంది. మేనేజరు జేబులో ప్లాస్టిక్ దువ్వెన కనబడింది. ఆయన తల మీద దానికి పెద్దగా పని లేదు కాబట్టి అడిగి తీసుకుని, దాని తోకతో, చెయ్యంతా చాచి, మొహం పక్కకు తిప్పుకుని నొక్కాను. అరుపు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. బయట కౌంటరు దగ్గర ఎవరో స్క్రీను పోయిందని అంటున్నారు.

ఇక నాలుగు తీగలూ పట్టీకి బిగించేస్తే పనైపోతుంది. ఊడదీసింది ఆమె, నేను కాదు. నా తప్పు కాదు అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజే తెలిసింది, ఆమె టీ కంటే తియ్యగా ఉంది. ఇంటికి పోయి బండి కడుక్కోవచ్చు. భయం అక్కడితో పోవాల్సింది. పోలేదు, అడుక్కు జారింది. టీ గ్లాసుకూ స్పానరుకూ మధ్య ఏం జరిగిందో ఇంకా తెలియదు.

తడి నేల మీద పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, రాక్ అడుగున నేను బిగించిన బోల్టు విప్పాను. రాగి ఉంగరం ఊడి వచ్చింది. దాని కింద పెయింటు నున్నగా, నల్లగా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. ఉంగరం ఒత్తిన గుండ్రటి అచ్చు తప్ప గీత లేదు.

గీకలేదు.

బోల్టు మర మీద వేలు తిప్పి చూశాను. ఒకచోట మాత్రం పెయింటు చీరుకుని వెంట్రుకంత తెల్లగా ఉంది. రెండు వారాలు ఆ పెట్టె ఆ వెంట్రుక మీద ఆధారపడి నిలిచింది. పెట్టె అనడం మర్యాదకు. నిలిచింది రోజూ దాన్ని తడిగుడ్డతో తుడిచిన మనిషి.

అలాగే పడుకుని ఉన్నాను. లేస్తే చెప్పాలి. పైన మేనేజరు ఆమెను ఇంకా అంటూనే ఉన్నాడు, పెద్ద డాక్టరుకు తెలిస్తే ఏమవుతుందో తెలుసా అని. ఆమె "సరి సార్, సరి సార్" అంటోంది.

"ఆమె తప్పు కాదు సార్," అన్నాను రాక్ కింది నుంచే తమిళంలో. టార్చి నోట్లోంచి తీసి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. లేచి బోల్టు చూపించాను. "నేను పెయింటు గీకకుండా బిగించాను. ఆమె పట్టీ విప్పకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు. వచ్చే నెల ఐప్పసి వానలు పడితే ఈ సముద్రపు గాలికి ఈ మర తుప్పు పట్టేది. అప్పుడు తీగలన్నీ కట్టినట్టే కనబడేవి, ఎర్త్ మాత్రం ఉండేది కాదు."

మేనేజరు బోల్టును కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. "మీ మామను పిలు," అన్నాడు.

"దేవుడి దగ్గరున్నాడు సార్."

"అయ్యో. ఎప్పుడు?"

"మొన్న రాత్రి బస్సుకు. తిరుపతి."

ఆయన బోల్టు నా చేతిలో పెట్టి, అసలు నాలాంటివాణ్ణి ఎవరు పనికి పంపుతారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి మామ రావాలి.

"తప్పు ఎవురిదో మీరిద్దరూ నింపాదిగా తేల్చుకోండి," అంది పెద్దమ్మ తెలుగులో, నాతో. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కొంగులో చుట్టుకుని ఉన్నాయి. "నాకు ఒకటే చెప్పు. రేప్పొద్దున నించి నేను దీన్ని ముట్టుకోవచ్చునా, ముట్టుకోకూడదా?"

"ముట్టుకోవచ్చు. రవ్వంతసేపు ఉండు."

ఆకురాయితో గీకాను. ఈసారి టీ వద్దన్నాను, మాట కూడా వద్దన్నాను. నల్ల పెయింటు పొడిపొడిగా రాలి, కింద ఇనుము తెల్లగా వచ్చేదాకా, వచ్చాక ఇంకొంచెం. పళ్ళ వాషరు వేసి, రాగి ఉంగరం పెట్టి, బిగించి, లాగి చూసి, మళ్ళీ విప్పి చూసి, మళ్ళీ బిగించాను. యూపీఎస్ దగ్గరా ప్లగ్గుల పెట్టె దగ్గరా కూడా విప్పాను. అక్కడ గీకి ఉన్నాను. అవి టీకి ముందు కట్టినవి. పట్టీ మీద నాలుగు తీగలూ బిగించేటప్పుడు ఒక్కో నట్టూ వాషరూ ఆమే మూతలోంచి ఏరి ఇచ్చింది, నేను అడగకముందే ఏది కావాలో అది. కాగితం ఈసారి తమిళంలో రాశాను. తీయవద్దు అని రాయబోతే ఆమె అడ్డుకుంది. "తియ్యొద్దంటే తీస్తారు. తీస్తే షాకు అని రాయి."

కరెంటు వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, పచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. మీటరు పెట్టాను. సున్నా పక్కనే తచ్చాడుతోంది.

"చూడు పెద్దమ్మా, ఏమీ లేదు."

"ఆ మీటరు మొదులు కూడా సరిగా ఉండాదనే గదా కూసింది?"

"కూసింది."

"అయితే దాని మాట నాకొద్దు. నువ్వు తుడువు."

మేనేజరు నా వైపు ఆసక్తిగా చూశాడు. టోకెన్లు రాయాల్సినవాడు అక్కడే నిలబడ్డాడు.

బూట్లు విప్పాను. "సాక్సులు కూడా," అంది. విప్పాను. తడి నేల చల్లగా అరికాళ్ళకు తగిలింది. ఆమె గుడ్డ బకెట్టులో ముంచి, పిండకుండా, నీళ్ళు కారుతుండగా నా చేతిలో పెట్టింది. నేను చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక భాగం ముందుగా ఆనించబోయాను. అలా అయితే జివ్వుమన్నా చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

"నేను అట్లనే తుడుస్తానా?"

అట్లా తుడవదు. అరచెయ్యి గుడ్డ మీద పరిచి, గుడ్డను రాక్ మీద పరచాలి. మీటరు సున్నా చూపించింది, ఇనుము తెల్లగా వచ్చింది, పళ్ళ వాషరు పడింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవన్నీ మెడ దగ్గరే ఆగిపోయాయి, చేతిదాకా రాలేదు. పెయింటు గీకడం కూడా నాకు తెలిసిందే కదా.

ఆనించాను. కళ్ళు మూసుకున్నానని తర్వాత మేనేజరు చెప్పాడు.

చల్లటి ఇనుము. నీళ్ళు మోచేతిదాకా కారాయి. ఫ్యాన్ల వణుకు సన్నగా చేతికి తెలిసింది, ఒక్క క్షణం దాన్నే కరెంటనుకున్నాను. కాదు. వణుకు మాత్రమే, అందులో నాది కూడా కొంత ఉంది. గుడ్డ కిందికి లాగాను. తలుపు తుడిచాను, పక్కలు తుడిచాను.

"ఎనక కూడా."

ఇందాక చీపురు కనబడిన సందులో దూరి వెనక కూడా తుడిచాను. బయటికి వచ్చేసరికి ఆమె గంధం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఉంగరపు వేలు గంధంలో ముంచి, రాక్ తలుపు దగ్గరికి చాచి, వేలెడు దూరంలో ఆపింది. నేను ఆ వేలినే చూస్తున్నాను. నా చెయ్యి పెట్టినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

పెట్టింది. మూడు బొట్లు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, చివర్లో అరచెయ్యంతా ఆనించి ఊరుకుంది.

"ఎట్లుండాది?" అన్నాను.

"చల్లంగా ఉండాది," అంది.

గిన్నె తీసుకుని పక్క గదిలో కంటి మిషన్లకు బొట్లు పెట్టడానికి పోయింది. మేనేజరు దువ్వెన గుర్తొచ్చి తీసుకుని టోకెన్ల దగ్గరికి పోయాడు. నేను సాక్సు ఒకటి వేసుకుని ఆగాను. దాన్ని మళ్ళీ విప్పాను. గుడ్డ బకెట్టులో ముంచి, పిండకుండా, పై నుంచి మొదలుపెట్టి తలుపూ పక్కలూ వెనకా అడుగున బోల్టు దాకా, ఆమె బొట్లు చెరగకుండా, పెట్టె మొత్తం ఇంకోసారి తుడిచాను.